తెర మీద వాలిన పురుగులు

1986లో నన్ను మహబూబ్‌నగర్ జిల్లాలో వ్యవసాయ శాఖ ప్రచార విభాగానికి వేశారు. హోదా వ్యవసాయ అధికారి. నా అధీనంలో ఒక జీపు, జెనరేటర్, మైకు, స్లైడ్ ప్రొజెక్టర్ ఉండేవి. స్లైడ్ అంటే చిన్న అట్ట చట్రంలో బిగించిన ఫిల్ము ముక్క; వెనక దీపం వెలిగితే అగ్గిపెట్టంత బొమ్మ తెరంత అవుతుంది. ఏ తేదీన ఏ ఊరో నెల ముందే పర్యటన కార్యక్రమం రాసి, సహాయ సంచాలకుల ఆమోదం తీసుకోవాలి.

ఆ జూన్‌లో అచ్చంపేట దగ్గరి ఒక పల్లెలో ఎర్ర గొంగళి పురుగు మీద ప్రదర్శన పడింది. ఆముదం మొలకలను మోడు చేసే పురుగు ఇది. దీని తల్లి తెల్లటి రెక్కల పురుగు. ఏడాదంతా నేలలో దాగి, తొలి పెద్దవానకు పైకి వచ్చి గుడ్లు పెడుతుంది. వెలుగు కనిపిస్తే వాలుతుంది కనుక, చేల గట్ల మీద మంటలు వేసి దాన్ని చంపాలన్నది శాఖ సలహా.

జీపు ఆగగానే ఖాజా మియా అనే రైతు వచ్చాడు. ముందటేడు రెండుసార్లు విత్తినా పురుగు ఊడ్చేసిందట. ఈసారి ఒక్క విత్తుకు సరిపడే గింజలే మిగిలాయి.

“మంట సంగతి నాకెర్కే సారూ. నేనొక్కన్నే వెడితే ఊరి పురుగులన్నీ నా చేనుకే సుట్టాలొస్తయి. అందరితోని వెట్టియ్యుండ్రి,” అన్నాడు.

అతను చెప్పింది నిజమే. ఒక్క చేలో మంట వేస్తే చుట్టుపక్కల పురుగులన్నీ అక్కడికే వస్తాయి.

చీకటి పడగానే బడి ముందు తెల్లగుడ్డ కట్టి మొదలుపెట్టాం. రెక్కల పురుగు, గుడ్లు, గొంగళి పురుగు, వరుసగా మూడు స్లైడ్లు చూపించి ఇవన్నీ ఒక్కటేనని, రెక్కల పురుగుగా ఉండగానే అందరూ కంది కట్టెతో మంటలు వేసి చంపాలని చెప్పాను. ముందు వరుసలోని బాలమ్మ అనే ఆముదం రైతు ఒప్పుకోలేదు.

“గా రెక్కలది ఏడ, గీ బొచ్చుది ఏడ! పిట్టకు పాము పుడ్తదా సారూ?”

జనం గొల్లుమన్నారు. ఖాజా లేచి, పెద్దసారు చెప్తుంటే జర వినమన్నాడు.

“నువ్వు కూసో ఖాజా. కంది కట్టె మంటల వెడితె, రేపు నా పొయ్యిలకు నువ్వు తెస్తవా?” అంది బాలమ్మ.

ముందురోజే ఆ ఊళ్లో మంచి వాన పడింది. కార్యక్రమంలో ఆ తేదీ పడటం కేవలం యాదృచ్ఛికం. కాసేపటికి తెర మీద ఒక పురుగు వాలింది, తర్వాత పది, తర్వాత బొమ్మే కనిపించనన్ని. మా డ్రైవరు యాదయ్య తువ్వాలతో కొట్టబోతే, ఖాజా ఆపి, టార్చి వేసి గుడ్డ దగ్గరికి వెళ్లాడు.

“బాలమ్మక్కా, ఇటు రా. గసగసాల లెక్క ఏందో సూడు.”

పురుగులు గుడ్డ మీదనే గుడ్లు పెడుతున్నాయి. నేను రెండో స్లైడ్ మళ్లీ వేశాను. బాలమ్మ బొమ్మను చూసింది, గుడ్డను చూసింది, గుడ్లను వేలితో తాకింది.

“ఓరి నీ! గిదేనా నా చేనును తిన్నది? గింత తెల్లగ, పెండ్లిపిల్ల లెక్క ఉన్నది గదరా!”

ఆ మాటతో సభ ముగిసింది. ఇంటి నుంచి కంది కట్టె మోపు తెచ్చిన మొదటి మనిషి బాలమ్మే.

“పొయ్యి సంగతేందక్కా?” అని ఖాజా ఎగతాళి చేశాడు.

“ఇయ్యాల మీ ఇంట్ల తింట. బేగంకు చెప్పు,” అని ఆమె మోపు నెత్తిన పెట్టుకుని నడిచింది.

ఊరి చుట్టూ గట్ల మీద మంటలు లేచాయి. మరుసటి రెండు సాయంత్రాలు కూడా వేశారని గ్రామాభివృద్ధి అధికారి నివేదించారు. పురుగు పూర్తిగా పోలేదు. మిగిలినదాన్ని చేతులతో ఏరారు. కానీ ఖాజా ఆముదం నిలిచింది, ఆ ఏడు రెండో విత్తు అవసరం రాలేదు.

మరుసటి ఏడు పర్యటన కార్యక్రమంలో ఆ ప్రాంతపు ఊళ్లన్నిటికీ తేదీ గడిలో ‘తొలి పెద్దవాన మరునాడు’ అని రాశాను. వాన తేదీ ముందుగా తెలియజేయవలసిందని సహాయ సంచాలకులు తిప్పి పంపారు. స్వయంగా వెళ్లి గుడ్ల సంగతి వివరించాను. ఆయన నవ్వి, సంతకం చేశారు.

ప్రొజెక్టర్ బొమ్మను మాత్రమే పెద్దది చేస్తుంది. ఆ బొమ్మలోది చేలో కూడా కనిపించే రోజున చూపితేనే రైతు దాన్ని తనదిగా గుర్తిస్తాడు. ఆ తర్వాత ఆ విభాగంలో ఉన్నన్నాళ్లూ ప్రదర్శనల తేదీలను పంటను బట్టి, వానను బట్టి వేశాను.