నల్ల గుడ్డ మీద రాలని బొచ్చు

మా ఊరి దర్జీ వెండెలిన్ దగ్గర కోటు కుట్టించుకోవాలంటే అక్టోబరులో మాత్రం వెళ్ళకూడదు. ఆ నెలలో మనిషి మిషను ముందు ఉంటాడు, మనసు చెరువు గట్టు మీద ఉంటుంది. చెక్ దేశంలో మా దక్షిణ బొహీమియాలో చెరువులకు కొదవ లేదు, వాటి మీద వాలే అడవి బాతులకూ లేదు. మిగతా నెలల్లో అంత నమ్మకమైన దర్జీ చుట్టుపక్కల ఎక్కడా దొరకడు. పెళ్ళికొడుకులకు, శవం వెంట నడిచేవాళ్ళకు, ఊరి బాకా మేళానికి, అందరికీ నల్ల కోట్లు అతనివే. ఇంట్లో ముందు గదే దుకాణం. అతను కత్తిరించి కుడతాడు. భార్య లిబుషె కిటికీ పక్కన కూర్చుని కాజాలు, గుండీలు పూర్తి చేస్తుంది.

వాళ్ళింట్లో ఆస్త అని పొట్టి బొచ్చు వేట కుక్క ఉండేది. పక్షి వాసన తగిలితే ముందు కాలెత్తి బొమ్మలా నిలబడిపోయేది. తెలుపూ గోధుమా కలిసిన రంగు. దాని బొచ్చు పొట్టిదే గానీ మహా మొండిది. గుడ్డలో సూదిలా దిగితే దులిపినా రాదు, బ్రష్షుకూ రాదు. అయినా పదేళ్ళకు పైగా ఆస్త ఆ ఇంట్లో తిరిగింది, నల్ల కోట్లు ఆ ఇంట్లోంచే బయటికి వెళ్ళాయి, ఒక్కరు కూడా ఒక్క మాట అనలేదు. మా ఆస్త బొచ్చు రాల్చదు, దాని పద్ధతే వేరు అని వెండెలిన్ బీరు గ్లాసు పట్టుకుని చెప్పేవాడు. వినేవాళ్ళు నమ్మేవాళ్ళు కూడాను.

ఆస్త ఆఖరి ఏడాదిలో కథ తిరగబడింది. బాకా మేళం నాయకుడు క్లెమెంట్ కోటు వెనక్కి పట్టుకొచ్చాడు.

"వెండా, స్టేజీ మీద లైట్లు వెయ్యగానే ముందు వరసలో ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుతున్నారయ్యా. కుక్కతో కుస్తీ పట్టి వచ్చాననుకున్నట్టున్నారు."

తరవాత ఒక పెళ్ళివారు, ఆ తరవాత సమాధుల దగ్గర ప్రార్థన చేయించే పెద్దాయన. కుక్క ముసలిదైంది, అందుకే బొచ్చు వదిలేస్తోందని వెండెలిన్ తేల్చుకున్నాడు. ఆ ఏడాది కాజాలు కూడా కాస్త వంకరగా వస్తుంటే, దారం నాసిరకంది పంపుతున్నారని కొట్టువాణ్ణి తిట్టుకున్నాడు. ఆ చలికాలంలోనే ఆస్త పోయింది. తోటలో ఆపిల్ చెట్టు కింద పాతిపెట్టి, తుపాకీ బీరువాలో పెట్టి తాళం వేశాడు.

కుక్క లేకుండా బాతుల వేటకు వెళ్ళడం మా దగ్గర సిగ్గుమాలిన పని. దెబ్బ తిన్న పక్షి రెల్లులో పడి రెండు రోజులు కొట్టుకుని చస్తుంది. మర్యాదస్తుడెవడూ ఆ పాపం మూటగట్టుకోడు. అలాగని ఇంకో ఆస్తను తెస్తే దుకాణం మూసుకోవాలి. అంటే బొచ్చు రాల్చని వేట కుక్క దొరికితేనే వెండెలిన్‌కు మళ్ళీ చెరువు, లేకపోతే తుపాకీ అమ్ముకోవడమే. ఆ వసంతమంతా మనిషి తిండి ముందు కూర్చుని కూడా గోడలు చూసేవాడు.

చివరికి పానశాలలో వేటగాళ్ళ బల్ల దగ్గర సంగతి బయటపెట్టాడు. మా వేట సంఘం పెద్ద ఓల్డ్రిఖ్‌కు నవ్వడానికి ఇంతకంటే ఏం కావాలి!

"పూడిల్‌ని తెచ్చుకోరా. అదీ ఒకప్పుడు నీళ్ళలో బాతుల్ని తెచ్చిన జాతే. బొచ్చు రాలదు. మెడకి రిబ్బను నువ్వే కుట్టుకోవచ్చు."

"నవ్వు, నవ్వు. దాని బొచ్చు రాలదు గానీ రెల్లులోకి వెళ్తే ముళ్ళకాయలన్నీ అంటించుకొస్తుంది. వాటిని తియ్యడానికి ఇంకో మనిషిని పెట్టాలి."

"అయితే ఆ ఇటలీ గడ్డం కుక్క?"

"చూశాను. ఒక డాక్టరు దగ్గరుంది. మంచిదే, పాపం. కానీ నోట్లోంచి జొల్లు తాడులా వేలాడుతుంది. నల్ల గుడ్డ మీద బొచ్చైనా ఏరొచ్చు, జొల్లు ఏం చెయ్యను?"

చూశాను అంటే ఊరికే చూడటం కాదు. జేబులో జానెడు నల్ల ఉన్ని గుడ్డ పెట్టుకుని ఊరూరూ తిరిగాడు. కుక్క కనిపిస్తే చాలు, యజమానిని అడిగి దాని వీపు మీద ఆ గుడ్డ రుద్ది, వెలుతురులోకి తీసుకెళ్ళి పట్టి చూసేవాడు. ఒక రైతు అయితే, ఈయన కుక్కకు కోటు కొలతలు తీసుకుంటున్నాడేమో అనుకుని, మా దానికి అక్కర్లేదు బాబూ అని తలుపేసుకున్నాడట.

అలా తిరిగి తిరిగి హెడ్వికా ముసలమ్మ వాకిట్లో తేలాడు. ఆమె దగ్గర ఫౌసెక్ జాతి కుక్కలున్నాయి. మా దేశపు కుక్కే. గడ్డం, మీసం, కనుబొమలు, ఒంటి మీద తీగలాంటి గరుకు బొచ్చు. వెండెలిన్ తల్లి కుక్క వీపు రుద్ది గుడ్డ ఎత్తి చూశాడు. ఒక్క వెంట్రుక లేదు. మళ్ళీ రుద్దాడు. లేదు.

"రాలదు!" అన్నాడు.

"రాలదని కాదు నాయనా. చచ్చిన బొచ్చు ఊడకుండా ఒంటినే పట్టుకునుంటుంది. ఏటా రెండుసార్లు నువ్వే వేళ్ళతో పీకాలి. కత్తెర మాత్రం తగలనివ్వకు. తగిలిందా, బొచ్చు మెత్తబడిపోతుంది, ఆనక రాలుతుంది కూడా. చూసుకోలేకపోతే నాకే తెచ్చి ఇచ్చెయ్, ఇంకెవరికీ ఇవ్వకు. అవునూ, ఇంతకు ముందు ఏ కుక్క ఉండేది?"

"పొట్టి బొచ్చుది. పదేళ్ళకు పైనే. ఆఖర్న తప్ప ఎప్పుడూ బొచ్చు రాల్చలేదు."

"నల్ల కోట్లు కుట్టే ఇంట్లోనా?" హెడ్వికా నడుం మీద చేతులు పెట్టుకుంది. "పొట్టి బొచ్చు కుక్కల్లో రాల్చనిది ఇంకా పుట్టలేదు బాబూ. ఎవరో ఏరుంటారు."

వెండెలిన్‌కు ఆ మాటలు చెవిన పడ్డాయి గానీ బుర్రకెక్కలేదు. అతని బుర్రంతా చేతిలోని శుభ్రమైన గుడ్డ మీదే ఉంది.

ఆమె దగ్గర తెచ్చుకున్న కూన పేరు దార్గో. ఏడాది తిరిగేసరికి గడ్డం మొలిచి చిన్న సైజు పాదిరీలా తయారైంది. కోట్ల మీద మచ్చుకైనా వెంట్రుక లేదు. క్లెమెంట్ మళ్ళీ కోట్లు కుట్టించుకున్నాడు. వెండెలిన్ ఈల వేస్తూ మిషను తొక్కాడు.

రెండో వసంతంలో దార్గో బొచ్చు బాగా పెరిగి, పాత చాపలా చెదిరింది. హెడ్వికా చెప్పిన వేళ్ళ పని వెండెలిన్ మొదలుపెట్టాడు, గంటలో విసుగొచ్చింది. ఆపైన అతను దర్జీ. చేతికందేలా గోడకు పన్నెండంగుళాల కత్తెర వేలాడుతుంటే, వేళ్ళతో వెంట్రుకలు పీకుతూ కూర్చునే దర్జీని మీరెక్కడైనా చూశారా? దార్గోను బల్ల మీద నిలబెట్టి, భుజాల దగ్గర కాస్త వదులుగా, నడుం దగ్గర బిగువుగా కత్తిరించాడు. నిజం చెప్పాలంటే చూడముచ్చటగా ఉంది. చూడ్డానికి వేటగాళ్ళు వచ్చారు, ఓల్డ్రిఖ్ కూడా టోపీ తీశాడు.

వేసవి చివరికల్లా ఆ బొచ్చు గొర్రె ఉన్నిలా మెత్తబడింది. అక్టోబరులో మొదటి బాతు పడగానే దార్గో ఎగిరి నీళ్ళలో దూకింది, తెచ్చింది. గట్టెక్కాక మాత్రం దాని ఒంట్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తీగ బొచ్చైతే ఒక్క విదిలింపుతో ఆరేది. ఇది నానిన దుప్పటిలా మోసుకుంటూ గజగజ వణికింది. రెండో బాతు పడితే నీళ్ళ అంచుదాకా వెళ్ళి వెండెలిన్ ముఖం చూసింది. దూకలేదు.  అతను తన కోటు విప్పి దానికి చుట్టి ఇంటికి మోసుకొచ్చాడు. తెల్లారి ఆ నల్ల కోటు తిరగేస్తే నిండా వెంట్రుకలు.

ఆ ఏటి ఆఖరి వేట విందులో, మా ఆచారం ప్రకారం, వేటగాళ్ళ కోర్టు కూర్చుంది. ఏడాదిలో తప్పు చేసినవాణ్ణి బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, వేట కత్తిని పదును తగలకుండా అడ్డంగా తిప్పి పిర్రల మీద మూడు దెబ్బలు వేస్తారు. జడ్జి ఓల్డ్రిఖ్ గొంతు సవరించుకున్నాడు.

"నేరం ఏమనగా, కుక్కకి సూటు కుట్టుట. ముద్దాయి ఏమైనా చెప్పుకుంటాడా?"

"తప్పు నాదే," అన్నాడు వెండెలిన్.

అందరూ పగలబడి నవ్వారు. దెబ్బలు తిని లేచాక పక్కవాడు బీరు అందిస్తే అతను తీసుకోలేదు. మర్నాడే దార్గోను హెడ్వికాకు తిరిగి ఇచ్చెయ్యాలని అప్పటికే నిశ్చయించుకున్నాడు.

పొద్దున్నే దార్గో మెడకు పట్టీ కట్టి టోపీ పెట్టుకుంటుంటే వంటింట్లోంచి లిబుషె పిలిచింది.

"ఎక్కడికి?"

"ముసలమ్మ దగ్గరికి. నావల్ల కాదు లీబా. దాన్నీ పాడుచేశాను, కోట్లనీ పాడుచేశాను. తుపాకీ కూడా అమ్మేస్తాను."

"ముందు దాన్నిలా తీసుకురా."

ఆమె కిటికీ పక్కన కూర్చుని కుక్క తలను ఒళ్ళో పెట్టుకుంది. వీపు మీద వేళ్ళు పోనిచ్చి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కో కుచ్చు పట్టుకుని సుతారంగా లాగింది. దార్గో కిక్కురుమనలేదు.

"ఇది చచ్చింది, వచ్చేసింది. ఇది బతికుంది, రాదు. అంతేగా? ఈ మెత్తదంతా పీకేస్తే కింద గరుకుది మొలవదూ?"

"నీకెలా తెలుస్తోంది? నువ్వసలు చూడనైనా చూడట్లేదు."

నిజంగానే ఆమె చూపు కిటికీ వైపుంది. కిటికీ వైపు అనుకున్నాడు గానీ, దేని వైపూ లేదు.

"వేళ్ళకి అలవాటే," అంది లిబుషె. "ఆస్త బొచ్చు ఏరీ ఏరీ."

"ఆస్త బొచ్చా? ఎప్పుడు?"

"నువ్వు పానశాలకెళ్ళాక. రోజూ. అరచెయ్యి తడిచేసుకుని ప్రతి కోటూ తుడిచి, మిగిలినవి సూదితో లాగేదాన్ని. ఆ ఆఖరి ఏడు కళ్ళకి మంచు కమ్మినట్టయింది వెండా. నల్ల గుడ్డ మీద తెల్ల వెంట్రుక కూడా ఆనలేదు. కాజాలు కూడా చేత్తో తడుముకునే వేస్తున్నాను."

వెండెలిన్ టోపీ తీసి కుర్చీలో కూలబడ్డాడు. "ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే కుక్కనిచ్చేసేవాడివి. వేట లేకపోతే ఈ మొహం వేలాడేసుకుని పొద్దస్తమానం నా ఎదురుగా కూర్చునేవాడివి. దానికంటే బొచ్చు ఏరుకోవడమే నయం."

"మరి కళ్ళ సంగతో?"

"కాజాలు వెయ్యలేనిదాన్ని ఈ దుకాణంలో ఇంకేం చేస్తాను, చెప్పు?"

 సగం దేశం తిరిగి కుక్కల వీపుల మీద రుద్దిన గుడ్డను వెలుతురులో పట్టి చూసిన మనిషి. మూరెడు దూరంలో కూర్చున్న పెళ్ళాం కళ్ళలోకి మాత్రం ఒక్కసారి తిన్నగా చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ రోజు బండి హెడ్వికా ఊరికి కాకుండా జిల్లా ఆసుపత్రికి వెళ్ళింది. దార్గో వెనక సీట్లో కూర్చుంది.

లిబుషె కళ్ళలోవి శుక్లాలేనన్నారు, చలికాలంలో ముందు ఒక కన్నుకు ఆపరేషను చేశారు. కట్టుతో ఇంటికొచ్చి కిటికీ దగ్గర కూర్చుని, పని లేకపోతే తోచక కుక్క బొచ్చు పీకుతూనే ఉంది. మెత్తబొచ్చు పోయిన చోట మెల్లగా గరుకుది మొలుస్తోంది గానీ ఇంకా రాలేది రాలుతూనే ఉంది. క్లెమెంట్ కోటు ఇచ్చే రోజు దగ్గరపడింది. ఆ సాయంత్రం వెండెలిన్ పానశాలకు వెళ్ళలేదు. అరచెయ్యి తడిచేసుకుని కోటు తుడవడం మొదలుపెట్టాడు. భుజం పూర్తయ్యేసరికి నడుం పట్టేసింది. చేతి దగ్గరికొచ్చేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంత కంట్లో బొచ్చు పడి, కొంత పడకుండానే. ఒక్క కోటుకే ఇంత పడుతోంది. ఆస్త ఉన్నన్నాళ్ళూ ఇంట్లోంచి ఎన్ని కోట్లు వెళ్ళాయో తలుచుకుని తడి చేత్తోనే ముఖం తుడుచుకున్నాడు.

"ఆగిపోయావేం?" అంది లిబుషె.

"ఏం లేదు."

"ఎదురు తుడుస్తున్నావు, చప్పుడు తెలుస్తోంది. పోగు వాలు చూసి తుడవాలి వెండా. కాలరు కింద మర్చిపోకు, అక్కడే దాక్కుంటాయి."

అతను కాలరు ఎత్తాడు. అక్కడే ఉన్నాయి.