సున్నం గుర్తు

తమలపాకు మీద రాసే తడిసున్నం వాసన తగిలితే చాలు, నాకు చిత్తూరులో వేలూరు రోడ్డు మీది కారు షెడ్డు గుర్తొస్తుంది. నిన్న బస్టాండు దగ్గర కిళ్ళీ బంకు ముందు నిలబడినప్పుడూ అదే జరిగింది. డెబ్బైల చివర్లో ఆ షెడ్డులో నేను సూపర్‌వైజర్ని. డిప్లొమా చేతికొచ్చి ఏడాది కాలేదు గానీ, పొగరు మాత్రం పదేళ్ళ సర్వీసుకు సరిపడా ఉండేది. పేరుకు నా కింద పనిచేసే పెద్ద మెకానిక్కు మస్తాన్ సాయిబు. బడి మొహం చూడని మనిషి. నోట్లో తాంబూలం, జేబులో సున్నం డబ్బా ఎప్పుడూ ఉండేవి.

షెడ్డు ఓనరు నాయుడు గారికి బంగారుపాళ్యంలో మామిడి తోటలు. ఆయనకొక పాత స్పోర్ట్స్ కారు ఉండేది. టాపు లేని విదేశీ బండి, రెండే సీట్లు. వాళ్ళ నాయన కొన్నదని ప్రాణంగా చూసుకునేవారు. ఆయుధపూజకు ముందు దాని ముందు చక్రాల భాగమంతా సాయిబు విప్పితే, నేను కడిగి బిగించాను. పది రోజులు తిరక్కుండానే నాయుడు గారు బండి వెనక్కి తెచ్చారు. ఎడమకు తిప్పినప్పుడల్లా ముందు టైరు మడ్‌గార్డుకు ఒరుసుకుంటోందట. నేను తోలి చూస్తే చప్పుడే లేదు. తెలియదని చెప్పడానికి నామోషీ. టైర్లు లావుగా ఉన్నాయి, మడ్‌గార్డుల అంచు కోసేస్తే సరిపోతుందన్నాను. ఆ రేకు మళ్ళీ ఎక్కడా దొరకదు.

"కోసినాక గూడా ఒరుసుకునిందంటే నీకీడ పనుండదు" అన్నారు నాయుడు గారు. ఇంట్లో అందరూ నా జీతం మీదే బతుకుతున్న రోజులవి.

నేను రేకు కత్తెర తీసుకుంటుంటే సాయిబు చెయ్యి అడ్డం పెట్టాడు. "కోసిన రేకు మళ్ళా మొలస్తాదా అప్పా? ఉండు" అన్నాడు. డబ్బా తీసి రెండు మడ్‌గార్డుల లోపలి అంచులకూ వేలితో సున్నం పూశాడు. నన్ను పక్కన ఉండమని, నాయుడు గారినే తోలమన్నాడు. నేను బక్కపలచని మనిషిని. నాయుడు గారు కూర్చుంటే సీటు కనబడేది కాదు. ఆయన ఒక చుట్టు తిరిగొచ్చేసరికి కుడివైపు సున్నం తుడుచుకుపోయింది. ఎడమవైపుది పూసింది పూసినట్టే ఉంది.

"టైరు లావైతే రెండు పక్కలా తగలవల్ల గదప్పా" అన్నాడు నెమ్మదిగా.

జాకీ ఎత్తి, రెండు స్ప్రింగులూ ఊడదీసి నేలమీద పక్కపక్కన నిలబెట్టాడు. ఒకటి అర అంగుళం పొడుగు. తోలే మనిషి బరువు మోయడానికి కుడివైపు ఉండాల్సింది, ఎడమవైపు నుంచి వచ్చింది. తాను విప్పేటప్పుడు, అది కుడివైపుదని గుర్తుగా దానిమీద సున్నం బొట్టు పెట్టిన సంగతి అప్పుడు నా చెవిలో చెప్పాడు. పూజకు తళతళలాడాలని ఆ బొట్టును మురికనుకొని కిరసనాయిలు పోసి తోమింది నేనే.

ఎవడు మార్చినాడని నాయుడు గారు అడిగారు. నేను వంగి నేలమీది బోల్టులు ఏరడం మొదలుపెట్టాను.

"నా గుర్తు నిలబళ్ళేదు సామీ" అన్నాడు సాయిబు.

ఇన్నేళ్ళ పనివాడివి, బుద్ధి లేదా అని నాయుడు గారు అందరి ముందూ తిట్టారు. సాయిబు తలొంచుకొని స్ప్రింగులు సరిగ్గా బిగించాడు. నేను పానాలు అందించాను, అంతే. మర్నాడు సిగ్గుతో చచ్చిపోతూ, ఎందుకలా అబద్ధం చెప్పావని అడిగాను.

"అబద్ధం యాడుండాది? గుర్తు పెట్టినోడు పక్కనోనికి చెప్పవల్ల. నేను చెప్పలేదు" అన్నాడు.

నిజం చెప్పేద్దామని ఒకసారి బంగారుపాళ్యం బస్సెక్కి, సగం దారిలో దిగిపోయాను. ఇప్పుడు సాయిబూ లేడు, నాయుడు గారూ లేరు.

తర్వాత సొంత షెడ్డు పెట్టుకున్నాను. నాకు తాంబూలం అలవాటు లేదు. అయినా జేబులో సున్నం డబ్బా ఉంటుంది. విప్పిన ప్రతి సామాను మీదా బొట్టు పెట్టి, పక్కవాడికి నోటితో చెబుతాను. చెప్పిన ప్రతిసారీ, ఆ రోజు నాయుడు గారికి చెప్పని మాట గుర్తొస్తుంది.