నేను తెలుగులోకి దింపిన మొజాంబిక్ సినిమా

ఆ రోజుల్లో నాకు రాని భాష లేదని నా గట్టి నమ్మకం. బహ్రెయిన్‌కు వచ్చి ఏడాది కాలేదు, ఇంగ్లీషు బోర్డులు చదివేవాణ్ణి, హిందీలో బేరమాడేవాణ్ణి, అరబ్బీలో ‘పద’కు ‘యల్లా’, ‘అయిపోయింది’కి ‘ఖలాస్’ అనేవాణ్ణి (ఈ రెంటితో అరబ్బీ పూర్తయిందనుకున్నాను). సల్మాబాద్‌లోని మా లేబర్ క్యాంపులో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. దాంతో నా కాళ్లు నేల మీద ఆనేవి కావు.

మా వర్క్‌షాపులో మొజాంబిక్ నుంచి వచ్చిన వెల్డరు ఒకడుండేవాడు. ఆరడుగులు దాటిన మనిషి కాబట్టి అందరం లంబూ అనేవాళ్లం. ఒక శుక్రవారం పొద్దున లాప్‌టాప్ పట్టుకొచ్చి, తన దేశాన్ని పోర్చుగీసువాళ్లు ఏలిన కాలంలో, వాళ్ల మీద పోరాడినవాళ్ల మధ్య అడవిలో తీసిన సినిమా దొరికిందని, మా అందరికీ చూపిస్తానని అన్నాడు. కథంతా తనకొచ్చిన హిందీలో నాకు వివరంగా చెప్పాడు. నేను మాంసం కూర కలుపుతూ ‘అచ్ఛా, అచ్ఛా’ అన్నాను. ఒక్క ముక్క వినలేదు.

భోజనాలయ్యాక మెస్సు కిటికీలకు దుప్పట్లు కట్టి, సేఫ్టీ క్లాసుల ప్రొజెక్టరు పెట్టుకుని నలభై మందిమి కూర్చున్నాం. మాటలన్నీ పోర్చుగీసు. పాటల్లేవు, రంగుల్లేవు. ఐదు నిమిషాలకే మా మేస్త్రి కాక, “ఏం సమజైతలేదు పిలగా. నువ్వు జెప్పరాదు?” అన్నాడు. నాకూ తెలియదనడానికి నోరు రావాలి కదా! తెర మీద ఒక పడుచుపిల్ల నెత్తిన మూటతో వాగు దాటుతోంది. “ప్రేమించినోనితోటి లేచిపోతున్నది కాకా. మూటల పెండ్లిచీర ఉన్నది,” అన్నాను. తుపాకీ పట్టిన తెల్ల ఆఫీసరు కనిపించాడు. “గీడు మేనబావ. పెండ్లి జేసుకుంటనని ఎంటవడ్డడు.” “తెల్లోడు మేనబావ ఎట్లయితడుర?” అని ఒకడడిగాడు. “తల్లి పోలిక,” అన్నాను. మెస్సంతా ఈలలు. “దొరకకు చెల్లే, ఉరుకు!” అని వెనక నుంచి ఇంకొకడు.

ఇంతలో ఆ పిల్ల ముఖం తెర నిండా వచ్చింది. లంబూ లేచి నిలబడ్డాడు. కళ్ల నిండా నీళ్లు. “దాదీ... మేరా దాదీ హై,” అన్నాడు.

ఈలలు టక్కున ఆగిపోయాయి. కాక నా వైపు తిరిగాడు. “వాళ్ల నాయనమ్మనట. లేచిపోతున్నదంటివి?” నేను తల వంచుకుని నిజం చెప్పేశాను. ఆయన తిట్టలేదు. “మల్ల మొదటికెల్లి పెట్టుమను. ఆడు జెప్పిందే జెప్పు. ఒక్క ముక్క కలిపినవో, సూడు,” అన్నాడు.

రెండోసారి లంబూ చెప్పాడు, నేను దించాను. మూటలో ఉన్నవి తూటాలు. పోరాడినవాళ్లు అలాంటి సినిమాలను దేశదేశాల్లో చూపించి, తాము తలవంచలేదని లోకానికి చెప్పుకున్నారట. స్వాతంత్ర్యం వచ్చాక వ్యానుల్లో ఊరూరా తిప్పితే, సినిమా అంటే ఎరగని పల్లెవాళ్లు తెర మీద తమ ముఖాలనే చూసుకున్నారట. అంతా విన్నాక కాక, “మా నాయనమ్మ దొర గడీల వెట్టి జేసింది. సంఘపోళ్లకు కొంగుల దాసి రొట్టెలిచ్చింది. ఒక్క ఫోటువ గూడ లేదు,” అన్నాడు.

తర్వాత లంబూ దగ్గరికి వెళ్లి, నేనల్లిన కథంతా చెప్పి క్షమించమన్నాను. కాసేపు నన్నే చూశాడు (ఆ చేతుల సైజు చూసి నేను ఒక అడుగు వెనక్కి వేశాను). తర్వాత నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. “సహీ బోలా భాయ్! దాదీ భాగ్ గయీ!” సినిమావాళ్ల బ్యాటరీలు మోసే కుర్రాడితో, తండ్రి వద్దంటున్నా నిజంగానే లేచిపోయిందట. ఆ కుర్రాడే లంబూ తాత. మేనబావ మాత్రం లేడట.

ఇప్పుడు బహ్రెయిన్‌లోనే, సిత్రాలో స్టోరు చూసుకుంటున్నాను. జుట్టు నెరిసింది, తెలియనిది తెలియదనడం వచ్చింది. మంచిదే. కానీ సినిమా పెట్టుకున్న పావుగంటకే కునుకు తీసే ఈ పెద్దమనిషి కంటే, నలభై మందిచేత ఈలలు వేయించిన ఆ అబద్ధాలకోరు మీదే నాకు కాస్త ముచ్చటెక్కువ.