కార్ల ఫ్యాక్టరీ కోసం తీసిన తలుపు

మొన్న అల్లుడు కొత్త కారు కొనుక్కుని, ప్రొద్దుటూరులో మా వీధి మలుపు తిరుగుతూ హారన్ కొట్టగానే, నా చెయ్యి నాకు తెలియకుండానే తలుపు గడియ మీదికి పోయింది. హారతి పళ్లెం పట్టుకుని నిలబడిన కూతురు పకపకా నవ్వింది. నేనూ నవ్వేశాను గానీ, ఆ ఫ్యాక్షన్ రోజుల్లో జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో పెరిగిన నా ఈడు వాళ్లయితే నవ్వరని నాకు తెలుసు.

మా చిన్నతనంలో ఊళ్లోకి కారో జీపో వస్తే చుట్టాలొచ్చారని ఎవరూ అనుకునేవారు కాదు. చప్పుడు వినబడితే చాలు, పొయ్యి మీద సంగటి మాడిపోతున్నా సరే, అమ్మ మమ్మల్ని లోపలికి లాగి గడియ పెట్టేది. మాకూ పక్క ఊరికీ నడుమ ఉన్న నల్లరేగడి చేలలో మొదలైన గట్టు తగాదా పార్టీల తగాదాగా ముదిరి మా పెదనాన్నను పొట్టన పెట్టుకుంది. ఆ చేలు దున్నే ధైర్యం ఎవరికీ లేక బీడు పడ్డాయి. మీసం మొలవగానే మా అన్న కూడా మా ఊరి నాయకుడి జీపెక్కి తిరగడం మొదలుపెట్టాడు, వాడు ఇల్లు చేరేదాకా అమ్మ అన్నం ముట్టేది కాదు. ఆ నాయకుణ్ణి మేం మామ అని పిలిచేవాళ్లం. అడగకుండానే మా వంటింట్లోకి వచ్చి పీట వాల్చుకునేంత చనువు ఆయనకు.

ఆ మామే ఒకనాడు కార్ల ఫ్యాక్టరీ కబురు మోసుకొచ్చాడు. ఆ బీడు చేలలోనే పెడతారట, ఇంటికొక ఉద్యోగమట. కబురు వినగానే, అంతవరకూ ఒకరి మొహం ఒకరు చూసుకోని రెండు ఊళ్లూ రాజీకి కూర్చున్నాయి. గేటు ముందర ఇడ్లీల హోటలు పెడతానని అమ్మ, లారీ కొని మైదుకూరు నుంచి బియ్యం తోలతానని చిన్నాన్న, ఇక మన ఊరికి పిల్లనివ్వడానికి ఎవరూ జంకరని అవ్వ, ఎవరి లెక్కలు వాళ్లు వేసుకున్నారు. అన్న జీపు దిగి, ప్రొద్దుటూరులో ఒక షెడ్డులో ఫిట్టరు పనికి చేరాడు. ఆ రాత్రి అమ్మ కడుపునిండా తిన్నది.

"భూమి తలా ఒకరి పేరు మీదుంటే కంపెనీ వాళ్లు ఎంతమంది సుట్టూ తిరుగుతారు బావా? అంతా నా పేర రాస్తే ఒక్క సంతకంతో అయిపోతాది. వచ్చింది అందరికీ పంచే పూచీ నాది" అన్నాడు మామ. మా నాన్న రాసిచ్చాడు. ఆయనను చూసి మిగతావాళ్లూ, చివరికి పక్క ఊరివాళ్లూ రాసిచ్చారు.

శంకుస్థాపన నాడు కార్లు బారులు తీరి వచ్చాయి, ఒక్క ఇంటి తలుపూ మూసుకోలేదు. అమ్మ వాకిలి అలికి ముగ్గేసి, మామ కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, తన చేత్తో హారతిచ్చింది. కారుకు ఎదురు నడిచిన ఆడవాళ్లను మా ఊళ్లో అంతకుముందు నేను చూడలేదు.

తర్వాత ప్రభుత్వం మారింది. మామ కండువా మార్చాడు. ఫ్యాక్టరీ రేవు దగ్గర ఉండాలంటూ సముద్రమున్న జిల్లాకు పోయింది. భూమి తిరిగి రాసిమ్మని మా నాన్న అడగబోతే మామ భుజం మీద చెయ్యేసి మరీ, "ఫ్యాక్టరీ పోతే పోయిందిలే బావా, భూమి యాడికి పోతాది, ఈడనే ఉంటాది" అన్నాడు. నిజమే, అక్కడే ఉంది, చుట్టూ ఇనుప కంచెతో, మామ నాటించిన చీనీ బత్తాయి చెట్లతో.

అన్న కొడవలి తీశాడు. నాన్న వాకిట్లో అడ్డం నిలబడి, "మీ పెదనాయన పోయినాడు, భూమి పోయింది, నువ్వన్నా మిగలరా" అని ఏడ్చాడు. ఆయన ఏడవగా చూడడం అదే మొదలు. మర్నాడే అన్నను పక్క రాష్ట్రానికి బస్సెక్కించాడు. అక్కడి కార్ల ఫ్యాక్టరీలో పని దొరికింది వాడికి. కొన్నాళ్లకు ఫోన్ చేసి, "దినమంతా కార్లకు తలుపులు బిగిస్తాండా మా" అన్నాడు. అమ్మ "బాగుందిరా" అని ఫోన్ నా చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయింది.

అలాంటి ఫ్యాక్టరీ మా చేలలో వచ్చి ఉంటే మా ప్రాంతం మరోలా ఉండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఇప్పుడు ఇంటికో కారుంది, చప్పుడుకు ఎవరూ ఉలిక్కిపడరు. సంతోషమే. కానీ కారొచ్చిన ప్రతిసారీ అంత జాగ్రత్తగా గడియ పెట్టిన మా అమ్మ, మమ్మల్ని నిలువునా ముంచిన కారు వచ్చిన రోజున మాత్రం రెండు తలుపులూ బార్లా తీసి, హారతిచ్చి లోపలికి పిలిచింది.