గీత చివర మొగ్గ

నిన్న పొద్దున, బి.ఎడ్. శిక్షణ కోసం నన్ను పంపిన నరసరావుపేట హైస్కూల్లో, ప్రార్థన వేళకు పిల్లలు వరసల్లో నిలబడకుండా గోలగోలగా తిరుగుతున్నారు. డ్రిల్లు మాస్టారు సెలవులో ఉన్నారు. స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి ఒక పెద్ద మేడం, "ఎవరి దగ్గరన్నా విజిలుందా?" అని అడిగారు. నా చెయ్యి దానంతట అదే బ్యాగులోకి వెళ్ళింది. నవల, డైరీ, పెన్నులు, వాటన్నిటి అడుగున రంగు వెలిసిన పసుపు తాడుతో విజిలు. "నీ దగ్గర విజిలేందమ్మా!" అని ఆవిడ బుగ్గన వేలేసుకున్నారు. ఆవిడ ఆశ్చర్యపడటంలో తప్పేమీ లేదు. నేను ఆ బడికి వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ నా గొంతు సరిగ్గా విననే లేదు.

ఆ విజిలు నాకు తొమ్మిదో తరగతిలో వచ్చింది. మాది బెల్లంకొండ వైపు పల్లెటూరు. మా హెడ్మాస్టరు గారికి ఆ సంవత్సరం ఒక ఆలోచన పుట్టింది. బడి నడవటమంటే పాఠాలు చెప్పటం ఒక్కటే కాదని పిల్లలకు తెలియాలన్నారు. అందుకని వారానికి రెండు సాయంత్రాలు మాలో ఒక్కొక్కరం ఒక్కో స్టాఫ్ వెంట ఉండి వాళ్ళ పని నేర్చుకోవాలి. గుమాస్తా గారి దగ్గర ఒకరు, సైన్సు ల్యాబులో ఒకరు, మధ్యాహ్న భోజనం వండే అత్త దగ్గర ఒకరు, అట్లా. దానికి ఆయన ఇంటర్న్‌షిప్ అని పేరు పెట్టారు. మా పెదనాన్న ఆ సంగతి విని, "పని నేర్చుకోటానికి బడిదాకా ఎందుకంటా? మన మిరపచేలో బోలెడుందిగా, ఫీజు కూడా అడగను," అన్నాడు.

నాకు లైబ్రరీ కావాలి. లైబ్రరీ అంటే తెలుగు మేడం చూసుకునే రెండు ఇనుప బీరువాలు, కాలు ఊగే ఒక బల్ల. అయినా ఆ బీరువాల తాళాలు నా చేతిలో ఉంటాయన్న ఊహకే నాకు నిద్ర పట్టలేదు. సుద్దముక్కల డబ్బాలో చీటీలు వేసి తీయించారు. నా చీటీలో "డ్రిల్లు మేడం" అని ఉంది. లైబ్రరీ ఏమో పుస్తకాన్ని విసనకర్రగా తప్ప వాడి ఎరగని మా క్లాసు కుర్రాడికి వచ్చింది. వాడూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్ళాం. మాట్లాడింది వాడే. "మార్చుకుంటే ఇక నేర్చుకునేదేముందిరా?" అని ఆయన నవ్వి పంపించేశారు.

మా డ్రిల్లు మేడం పొట్టి మనిషి. గొంతు మాత్రం రోడ్డు మీద పోయే అచ్చంపేట బస్సును నిలబెట్టగలదు. మొదటి రోజు గ్రౌండులో నన్ను ఎదురుగా నిలబెట్టి, "ఏమే, నీ పేరేంది?" అంది. చెప్పాను. "గట్టిగా చెప్పు." మళ్ళీ చెప్పాను. "పోన్లే, రేపు చెబుదువుగాని," అని బంతులకు గాలి కొట్టే పంపు నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత పసుపు తాడున్న ఈ విజిలు నా మెడలో వేసి, "మాట రాకపోతే పోయింది, గాలన్నా వస్తదిగా!" అంది. గాలి కూడా సరిగ్గా రాలేదు. ఇంటి దగ్గర దొడ్లో ఎవరూ చూడకుండా సాధన చేసేదాన్ని. ఒకరోజు ఎట్లాగో కాస్త మోగితే లోపల అమ్మ కుక్కరు కూత అనుకుని స్టవ్ ఆపేసింది. ఆ పూట అందరం పలుకు అన్నమే తిన్నాం. అందరిలో నిలబడి ఊదమంటే మాత్రం నా పెదాలు ఎండిపోయేవి. మాటలన్నీ డైరీకి చెప్పుకునే అలవాటున్న పిల్లకు ఊరంతా వినేట్టు కూత పెట్టమనటం చానా పెద్ద శిక్ష.

ఇంతలో మండలం బాలికల కబడ్డీ పోటీలు మా బడిలోనే పెట్టారు. మా జట్టుకు కెప్టెన్ పెదనాన్న కూతురు, పదో తరగతి చదివే మా అక్క. ఇంతకుముందు ప్రతిసారీ పక్క ఊరి హైస్కూలే గెలిచేది. ఈసారి కప్పు మనదేనని అక్క ఊళ్ళో అందరికీ ముందే చెప్పేసింది. కోర్టు గీసే పని మేడం నాకు అప్పజెప్పింది. ఆవిడ తాడు లాగి పట్టి, సున్నం బస్తా విప్పి, గీత పోయటానికి చిల్లులు పెట్టిన డబ్బా ఇచ్చి ఏదో ఫోను వస్తే ఆఫీసులోకి వెళ్ళింది. డబ్బాలోంచి సున్నం కుప్పలు కుప్పలుగా పడుతోంది. నేను డబ్బా పక్కన పెట్టి, రోజూ వాకిట్లో చేసినట్టే, వేళ్ళ మధ్యనుంచి పోసుకుంటూ పోయాను. గీత ఎంత చక్కగా వచ్చిందంటే నాకే ముచ్చటేసింది. మేడం తిరిగొచ్చి చూసి, నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏందే ఇది? కబడ్డీ కోర్టా, మీ ఇంటి వాకిలా?" అప్పుడు చూసుకున్నాను. చెయ్యి అలవాటు కొద్దీ నాలుగు మూలలా, గీతలు కలిసిన చోట, బయటివైపుకి నాలుగు తామరమొగ్గలు పెట్టేశాను.

ఆవిడ నవ్వీ నవ్వీ నేలమీద కూలబడింది. గీత లావు చేయించి, మొగ్గల్ని కాలితో చెరిపెయ్యమంది. మూడు చెరిపాను. నాలుగోదాని మీద కాలు పెట్టబోతుంటే మేడం ఎందుకో మనసు మార్చుకుని, "ఆ ఒక్కటీ ఉండనీ. కోర్టుకు అవతలే ఉందిగా, ఎవరికడ్డం?" అంది. ఆ మూల దగ్గర, గీత తొక్కితే విజిలేసే పని కూడా నాకే ఇచ్చింది. పక్క ఊరి డ్రిల్లు మాస్టారు ఒప్పుకోలేదు. "మీ పిల్లనే గీత మీద పెడితే ఎట్టా మేడం? మీవోళ్ళు తొక్కితే నోరు విప్పుద్దా?" అన్నారు. "మావోళ్ళు తొక్కినా, మీవోళ్ళు తొక్కినా అది నోరు విప్పదు సార్, మీకు భయం లేదు," అంది మా మేడం. అందరూ నవ్వారు. నేను విజిలు తాడు వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాను.

ఫైనలు మాకూ పక్క ఊరికీ పడింది. ఊరంతా గోడ మీదా, ట్రాక్టరు ట్రక్కుల మీదా ఎక్కి కూర్చుంది. ఆట చివరికొచ్చేసరికి పాయింట్లు సమానం. ఆఖరి కూతకు అక్క వెళ్ళింది. కబడ్డీ కబడ్డీ అంటూ వాళ్ళ మూల పిల్లను నా వైపుకే తరుముకొచ్చింది. ఆ పిల్ల వంగి తప్పుకుంది. అక్క మళ్ళీ చెయ్యి చాపబోతూ, ఆపుకోలేక, మడమతో గీత దాటింది. మొగ్గ రేకులు రెండు అలుక్కుపోయాయి. ఆ వెంటనే అక్క చెయ్యి ఆ పిల్ల భుజానికి తగిలింది. జనం కేకలు వేస్తూ లేచారు. నేను కాకుండా ఆ మడమను చూసినవాళ్ళు ఎవరూ లేరు. గోడ మీద పెదనాన్న తువ్వాలు తిప్పుతున్నాడు. నేను ఊరుకుంటే కప్పు మాది.

విజిలు మోగింది. అంత పొడుగ్గా, అంత గట్టిగా మోగింది నా విజిలేనని నాకే కాసేపు నమ్మకం కలగలేదు. గ్రౌండంతా ఒక్కసారి ఆగిపోయింది. "ఏందే? పిచ్చెక్కిందా? నేను తొక్కలా!" అని అక్క నా మీదికొచ్చింది. రిఫరీ కూడా వచ్చి నా వంక చూశారు. చెయ్యి చాపి మొగ్గను చూపించి, "గీత దాటింది సార్," అన్నాను. ఆ మాట గోడ మీది వాళ్ళకు కూడా వినపడిందట. అక్క కిందికి చూసుకుంది. మడమకు తెల్లటి సున్నం అంటుకుని ఉంది. నేరుగా వెళ్ళి వాళ్ళ కెప్టెన్‌తో చెయ్యి కలిపింది.

అక్క అవుటు, ఆ ఒక్క పాయింటుతో ఓడిపోయాం. పక్క ఊరి మాస్టారు కప్పు తీసుకుని, "ఆ గీత దగ్గర పిల్ల ఎవరి పిల్ల మేడం?" అని అడిగారు. మా మేడం రెండు చేతులూ నా భుజాల మీద వేసి, "మా బడి పిల్ల సార్! నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల!" అంది, బస్సును నిలబెట్టే ఆ గొంతుతో. కప్పు గెలిచినవాళ్ళు కూడా ఆ మాటకు చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకునే ఉన్నాను, కానీ అది సిగ్గు కాదు. రాత్రి అన్నాల దగ్గర పెదనాన్న ముద్ద కలుపుతూ, "మన ఇంట్లో దాని మాటకు ఇక తిరుగులేదురా," అన్నాడు మా నాన్నతో. అక్క మాత్రం ఇప్పటికీ కనబడ్డప్పుడల్లా, "పువ్వేసుకోటానికి నీకు ఆ మూలే దొరికిందటే?" అంటుంది. ఆ తర్వాతే తన మడమ సంగతి తనే అందరికీ నవ్వుతూ చెబుతుంది.

నిన్న విజిలు ఊదితే పిల్లలంతా గబగబా వరసల్లోకి వచ్చేశారు. పెద్ద మేడం నా భుజం తట్టారు. మా ఊరి గ్రౌండు మీద ఈలోపు ఎన్నో వానలు కురిశాయి, ఆ సున్నం నేలలో కలిసి ఎంతకాలమైందో. ఆ మొగ్గ ఎక్కడుండేదో చూపించమని ఎవరన్నా అడిగితే మాత్రం, కళ్ళు మూసుకుని నడుచుకుంటూ వెళ్ళి అక్కడే నిలబడగలను.