ఒలకబోత మాస్టారు

పడిపోవడానికి వీలున్న వస్తువు ఏదైనా సరే, ఒలకబోత మాస్టారి చేతిలోకి వచ్చిందంటే పడిపోవలసిందే. పడడానికి వీల్లేనిదైతే ఆయనే వెళ్లి దాని మీద పడతారు. ఆయన బొమ్మల క్లాసుకు వచ్చే పన్నెండు మందికీ ఈ సంగతి బాగా తెలుసు. అందుకే మాస్టారు లేచి నిలబడితే చాలు, అందరూ ఎవరి రంగుల గిన్నె వాళ్లు ఒళ్లోకి లాక్కునేవారు.

క్లాసు కుట్టు దుకాణం పైన, ఒకే ఒక పెద్ద గదిలో జరిగేది. మాస్టారు పైన గిన్నె తన్నిన రోజు కింద దుకాణం మెట్ల మీదికి ఆకుపచ్చ ధార దిగి వచ్చేది. "పైన క్లాసు మొదలైనట్టుంది" అని దుకాణం యజమానురాలు గుడ్డ తీసుకుని తుడుచుకునేది.

ఆ దుకాణంలో కుట్టే అమ్మాయిని అందరూ కుట్టమ్మాయి అనే పిలిచేవారు. తల ఎత్తి మాట్లాడడం తక్కువ, తల వంచుకునే అన్నీ చూడడం ఎక్కువ. ఎనిమిదో తరగతిలో ఇంటి అవసరానికి బడి మానేసింది. మానేసినందుకు ఆమె ఏడవలేదు. ఆ ఏడాది నల్లబల్ల మీద ఒక లెక్క తప్పు చేస్తే క్లాసంతా నవ్విన నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. మళ్లీ ఎవరి ముందూ తప్పు చేయకూడదని అప్పుడే గట్టిగా అనుకుంది. అందుకే ఆమె కుట్టు గీత గీసినట్టు ఉండేది.

ఒకరోజు మాస్టారు రంగు గట్టిపడిన గుడ్డ ఒకటి పట్టుకుని కిందికి దిగి వచ్చారు.

"అమ్మాయ్, ఈ రంగులో నా సూది దిగనంటోంది. నీ సూదికి ధైర్యం ఎక్కువటగా?"

"సన్న సూది కాదు మాస్టారూ, దీనికి జీన్స్ కుట్టే సూది వేయాలి."

"ఆ మాట పైకొచ్చి మా వాళ్లకి చెప్పు. సూదులు విరిచి చంపుతున్నారు."

అలా పైకి వెళ్లిన కుట్టమ్మాయి మళ్లీ మానలేదు. అక్రిలిక్ రంగు, బొగ్గు, దారం మూడూ ఒకే గుడ్డ మీద కాపురం చేయాలి, అదీ మాస్టారి పాఠం. రంగు ఆరితే ప్లాస్టిక్‌లా బిగుస్తుంది, బొగ్గు తాకితే చెరిగిపోతుంది, దారం లాగితే గుడ్డ ముడతలు పడుతుంది. "పొసగని వాళ్లని ఒక గదిలో ఉంచడమే కళ" అనేవారు మాస్టారు. అంటూ అంటూనే పక్కనున్న బల్ల తన్నేవారు.

ఒకసారి బ్యాంకులో పనిచేసే ఆయన మూడు వారాలు కష్టపడి తన భార్య ముఖం బొగ్గుతో గీశారు. అంతా అయ్యాక ఆయన చొక్కా చెయ్యి తగిలి ఆవిడ ముక్కు కింద చక్కటి మీసం వచ్చింది. అందరూ చూశారు. నవ్వు పెదాల దాకా వచ్చేసింది. సరిగ్గా అప్పుడు ధబ్‌మని చప్పుడు! మాస్టారు పసుపు రంగు గిన్నెతో సహా వెళ్లి తాను నెల రోజులుగా వేస్తున్న సముద్రం మీద పడ్డారు.

"అయ్యయ్యో, నెల కష్టం!"

"సముద్రంలో పడ్డాను కదా, నన్ను తీయండయ్యా ముందు!"

గది గదంతా ఆయన్ని లేపడంలో పడింది. మీసం సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఇంకోసారి, క్లాసుకొచ్చే వాళ్లలో బేకరీ నడిపే అక్క బొమ్మని ఒళ్లో పెట్టుకుని కుట్టి, "అయిపోయింది" అని లేచింది. బొమ్మ కూడా ఆమెతో పాటే లేచింది. తను కట్టుకున్న బట్టతో కలిపి కుట్టేసుకుంది పాపం. ఎవరో కిసుక్కుమనేలోపు మాస్టారు కుంచెలు కడిగే బకెట్‌లో కాలు పెట్టారు. పెట్టిన కాలు రాక, బకెట్‌తోనే గదంతా రెండు చుట్లు తిరిగారు.

"బూటు సైజు ఎంత మాస్టారూ?" అని బేకరీ అక్కే అందరికంటే ముందు అడిగింది. అంతకు ముందు క్షణం ఏడవబోయిన మనిషి ఆమె.

కుట్టమ్మాయికి ఒకటే అర్థమయ్యేది కాదు. ఈయన బొమ్మలు నేర్పకముందు ముప్పై ఏళ్లు దుకాణాల బోర్డులు రాశారు. వీధిలో సగం బోర్డులు ఆయనవే. స్కేలు లేకుండా రాసిన అక్షరాలు, ఒక్కటి వంకర లేదు. నిచ్చెన మీద నిలబడి ఆ అక్షరాలు రాసిన చెయ్యి నేల మీద ఒక గిన్నె పట్టుకోలేదా?

ఒకనాడు మాస్టారి కోసం మందులు తెచ్చిన ఆయన భార్యని మెట్ల దగ్గర అడిగేసింది.

"ఇంట్లో కూడా ఇంతేనా అమ్మగారూ?"

"ఇంట్లోనా? ముప్పై ఏళ్లుగా ఒకే కప్పులో టీ తాగుతున్నారమ్మా. అంచు కూడా పోలేదు. ఈ మాయదారి జబ్బు ఇక్కడికొచ్చాకే పట్టుకుంది."

ఇంతలో ఊరి గ్రంథాలయంలో బొమ్మల ప్రదర్శన వచ్చింది. క్లాసులో అందరూ కలిసి ఒకే పెద్ద గుడ్డ మీద నదినీ, ఒడ్డున ఊరినీ వేశారు. నది అక్రిలిక్ నీలం. ఊరు బొగ్గు. ఇళ్ల కిటికీలు, ఆరేసిన బట్టలు, వంతెన అంతా దారం. కుట్టు మొత్తం కుట్టమ్మాయికే అప్పజెప్పారు. "నువ్వైతే తప్పు చేయవు" అన్నారు అందరూ. ఆ మాట ఆమెకు బహుమానంలా వినబడింది, బరువులా కూడా.

ప్రదర్శన రోజు మధ్యాహ్నం మూడింటికి ఆఖరి ముడి వేసింది. నాలుగింటికి అందరూ వచ్చి పట్టుకెళ్తారు. గుడ్డ ఇంకా అక్కడక్కడా ముడతలుగానే ఉంది. కుట్టిన బట్ట ఇస్త్రీ కాకుండా ఆమె చేతులు దాటి ఎప్పుడూ పోలేదు. కిందికి వెళ్లి ఇస్త్రీపెట్టె తెచ్చింది. నది మధ్యలో పెట్టి నొక్కింది.

చుయ్‌మంది. పెట్టె కదలలేదు. భయపడి పైకి లాగితే నీలం రంగు పెట్టెకే అంటుకుని వచ్చేసింది. నది నడుమ ఇస్త్రీపెట్టె ఆకారంలో తెల్ల గుడ్డ బయటపడింది.

పెట్టె ఇక్కడ వదిలేసి, మెట్లు దిగి, ఇక ఈ గదికి ఎప్పుడూ రాకూడదు అనుకుంది. ఆ ఆలోచన పూర్తయ్యేలోగా గుమ్మంలో మాస్టారు కనిపించారు. ఆయన గుడ్డ చూశారు. ఆమెని చూశారు. మెట్ల కింద బ్యాంకాయన గొంతు, వెనకే బేకరీ అక్క నవ్వు వినబడుతున్నాయి.

"ఎంత వేడి పెట్టావ్?" మెల్లగా అడిగారు.

"నూలుకి... పెట్టేంత."

"ఇలా ఇవ్వు."

పెట్టె అందుకున్నారు. ఆమె చేసిన మచ్చ వెనకే, జానెడు ఎడం చూసుకుని, మొన అదే వైపుకి తిప్పి, బోర్డు మీద అక్షరం దించినంత నిదానంగా దించారు. లోలోపల మూడు అంకెలు లెక్కపెట్టుకున్నారు కూడా. ఆ చెయ్యి ఇసుమంత వణకలేదు. మెట్ల మీద అడుగులు గుమ్మం చేరగానే పెట్టె లాగి, ఇల్లెగిరిపోయేలా అరిచారు.

"కొంప ముంచానర్రా! నా చేతులు విరగ్గొట్టండి!"

"ఇస్త్రీపెట్టె ఎవరిచ్చారండీ ఈయనకి?" బ్యాంకాయన తల పట్టుకున్నారు.

"రెండు చోట్ల పెట్టారా! ఒకసారి చాలలేదా మాస్టారూ?" అంది బేకరీ అక్క.

"మొదటిసారి అంటుకుంది కదా, రెండోసారి కూడా అంటుకుంటుందేమో చూద్దామని..."

అందరూ ఘొల్లుమన్నారు. కుట్టమ్మాయి మాత్రం మాస్టారి చేతినే చూస్తోంది. పసుపు సముద్రం, కాలికి బకెట్, ఇంతకాలం ఒలికినవన్నీ ఒక్కసారి వరసలో నిలబడ్డాయి. ఒక్కటీ మొదట ఒలకలేదు. ప్రతీదీ ఎవరిదో తప్పు వెనకాలే ఒలికింది.

"మొదటిది నేను" అంది.

గొంతు పీలగా ఉన్నా అందరికీ వినబడింది.

"అబద్ధం! నా మీద జాలితో చెబుతోంది" అన్నారు మాస్టారు కంగారుగా. ఆయన నిజంగా కంగారుపడడం అదే మొదటిసారి.

"కాదు. ముడతలు పోతాయని నేనే పెట్టాను."

బేకరీ అక్క ఆమెని కింది నుంచి పైదాకా చూసింది. పక్కున నవ్వేసింది.

"నువ్వు కూడా తప్పులు చేస్తావా తల్లీ! ఇన్నాళ్లూ నీ పక్కన సూది పట్టాలంటే నాకు దడ. ఇవాళ్టికి నా ప్రాణం కుదుటపడింది."

కుట్టమ్మాయి ఆ నవ్వుని జాగ్రత్తగా విన్నది. బడిలో విన్న నవ్వు ఇది కాదు. ఇందులో తనకి కూడా చోటుంది. కాసేపటికి తనూ నవ్వింది.

"నవ్వులు సరే, గంటలో గ్రంథాలయంలో ఉండాలి" అన్నారు బ్యాంకాయన. "ఈ కన్నాలు ఏం చేద్దాం?"

కుట్టమ్మాయి తల ఒక పక్కకి వంచి చూసింది. ముందు మొన, వెనక వెడల్పు. రెండూ ఒకే వైపుకి తిరిగి, నీళ్లలో పోతున్నట్టే ఉన్నాయి.

"ఇవి కన్నాలు కాదండీ. పడవలు."

గోధుమరంగు దారంతో ఆమె తన పడవకి అంచు కుట్టింది. తెరచాపకి దారం లాగింది. బొగ్గుతో నీళ్లలో నీడ వేసింది. పక్కన మాస్టారు కూడా సూది పట్టుకుని, తన పడవ సంగతి తనే చూసుకుంటానని మొండికేశారు.

సాయంత్రం గ్రంథాలయంలో జనం ఆ నది దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డారు. కళ్లజోడు సర్దుకుంటూ ఒక పెద్దావిడ అడిగింది: "రంగు వేసి బొమ్మ చేయడం చూశాను గానీ, రంగు తీసేసి పడవలు చేయడం ఇప్పుడే చూస్తున్నాను. ఎవరిదండీ ఈ ఆలోచన?"

"ముందు వెళ్తున్న పడవ ఆ అమ్మాయిది" అన్నారు మాస్టారు. "వెనకది నాది. దాన్ని చూసి కొట్టిన కాపీ."

"కాపీ కొట్టినా కుట్టు వంకరపోయింది మాస్టారూ" అంది కుట్టమ్మాయి, హాల్లో అందరికీ వినబడేలా.