ముళ్ళతో సహా గీసిన చేప

1. ఏలూరులో ఒంటరిగా ఉంటున్న నాకు రోజూ భోజనం పంపే మంగమ్మగారికి నిన్న ఖాళీ క్యారేజీలో ఒక చీటీ పెట్టాను.
2. అందులో చేపను ముళ్ళతో సహా శ్రద్ధగా గీసి, కింద "పులుసు చాలా బాగుంది, కృతజ్ఞతలు" అని రాశాను.
3. ఈ రోజు చేపకు బదులు వంకాయ కూర వచ్చింది. వెనకే ఆవిడా వచ్చారు.

"ముల్లు గుచ్చుకుందాండీ? నాకు చదువు రాదు కదండీ, బొమ్మ చూసి భయపడిపోయాను. క్యారేజీ మానేస్తారా ఏంటండీ?"

రాసినది చదివి వినిపించాను. ఆవిడ "ఇంకోసారి చదవండి" అన్నారు.

మళ్ళీ చదివాను. ఈ గదిలో నా గొంతును మరొకరు విని ఎన్నాళ్ళయిందో ఏ జాబితాలోనూ రాసుకోలేదు.

మీ కృతజ్ఞత ఎప్పుడైనా ఫిర్యాదుగా చేరిందా? తెలుపగలరు.

సాయంత్రం 6.40
కొల్లి వెంకట ప్రభాకరరావు